చుక్క కింద కామా

తప్పు చిన్నదైతే కసురుకోవాలి, పెద్దదైతే కిక్కురుమనకుండా పని కానిచ్చేయాలి. ఈ పాలనాసూత్రాన్ని డేటాబేస్‌కి కమాండ్లు టైపు చేసే టెర్మినళ్లు పాటించినంత నిష్ఠగా ఎమ్మార్వో ఆఫీసులో కూడా పాటించరు.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ముగిసిందని చెప్పే సెమికోలన్ రెండుసార్లు పడిందనుకోండి. జవాబు ఇచ్చేసి మరీ ‘ఎర్రర్: నో క్వెరీ స్పెసిఫైడ్’ అంటుంది. రెండో సెమికోలన్ ముందు ఏమీ లేదట, అదీ నేరం. జవాబుని నిలువుగా చూపించమనే బ్యాక్‌స్లాష్ పెద్ద జీ పక్కన అలవాటుకొద్దీ సెమికోలన్ కొట్టినా అదే తిట్టు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ టెర్మినల్ పీఎస్‌క్యూఎల్ అయితే ఆ రెండో సెమికోలన్‌ని చూసీచూడనట్టు వదిలేస్తుంది. కానీ టేబుళ్ల జాబితా చూపించే ఒట్టి బ్యాక్‌స్లాష్ డీకి తగిలిస్తే మాత్రం ‘ఇన్‌వ్యాలిడ్ కమాండ్’. దాని లెక్కలో సెమికోలన్ కూడా కమాండు పేరులో అక్షరమే. బ్యాక్‌స్లాష్ డీ కొట్టి, ఖాళీ వదిలి, టేబుల్ పేరు రాసి, దాని చివర పెడితే క్షమాభిక్ష!

సింగిల్ కోట్ తెరిచి మూయకపోతే తిట్లుండవు, మౌనవ్రతమే. మైఎస్‌క్యూఎల్ ప్రాంప్టులో (లైను మొదట్లో కనిపించే గుర్తులో) -> పోయి '> వస్తుంది, నోటీసంతా అదే. గమనించనివాళ్లు సెమికోలన్ మీద సెమికోలన్ కొడుతూ కూర్చుంటారు, అవన్నీ స్ట్రింగులోకే, అంటే కోట్ల మధ్య రాతలోకే, పోతాయి. రద్దు చేద్దామని బ్యాక్‌స్లాష్ సీ కొడితే అదీ అందులోకే. ముందు ' కొట్టి, ఆ తర్వాత బ్యాక్‌స్లాష్ సీ కొట్టాలి. పీఎస్‌క్యూఎల్‌లో కంట్రోల్ సీ చాలు.

వర్డ్ ఫైల్లోంచి వంకర కోట్లతో ‘రాము’ని తెచ్చి అతికిస్తే పోస్ట్‌గ్రెస్‌కి అవి కోట్లే కావు. ఆస్కీ (మామూలు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల పట్టిక) దాటిన ప్రతిదీ దానికి అక్షరమే. అందుకని వంకర కోట్లతో సహా ‘రాము’ అనే కాలమ్ లేదని సెలవిస్తుంది.

ఇక అసలు ఘట్టం. 7వ నంబరు ఉద్యోగి ఒక్కడి జీతం 40000 చేయాలి. అప్‌డేట్, సెట్ రాసిన లైను చివర, ‘వేర్’ (ఎవరికి అని చెప్పే షరతు) ఇంకా రాకముందే, చెయ్యి జారి సెమికోలన్ పడింది. ఎంటర్. కసురు లేదు, ‘ఖాయమేనా’ అన్న ప్రశ్న లేదు. ప్యూన్ నుంచి మేనేజరు దాకా అందరికీ 40000. తర్వాతి లైనులో ఒంటరిగా వచ్చిన ‘వేర్’కి మాత్రం ఠంచనుగా సింటాక్స్ ఎర్రర్. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

ముందే బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ (మొత్తంగా ఖాయమో రద్దో అయ్యే పని) మొదలుపెట్టి ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో ఆ మొరుగుడే కాపాడుతుంది. ఎర్రర్‌తో ట్రాన్సాక్షన్ చెడుతుంది, ఇక కమిట్ (ఖాయం చెయ్యి) అన్నా జరిగేది రోల్‌బ్యాకే (రద్దే). మైఎస్‌క్యూఎల్‌లో చెడదు, రోల్‌బ్యాక్ మీరే అనాలి, కమిట్ అంటే శుభ్రంగా కమిట్ అయిపోతుంది. అక్కడ సేఫ్-అప్‌డేట్స్ అనే ఆప్షన్ పెట్టుకుంటే, వేర్‌లో కీ కాలమ్ గానీ చివర లిమిట్ గానీ లేని అప్‌డేట్‌ని తిప్పి పంపుతుంది. ఆ ఆప్షన్‌కి అధికారికంగానే రెండో పేరు ఉంది: ‘ఐ-యామ్-ఎ-డమ్మీ’. నేను దద్దమ్మనని అర్జీ పెట్టుకోవాలి, జిరాక్సులు అక్కర్లేదు.