సవరణ: రోలీఫ్లెక్స్ రెండు లెన్సుల సంగతి

రోలీఫ్లెక్స్ అనే ఫిల్ము కెమెరా అందం గురించి నేను రాసిన పోస్టులో ‘రెండు లెన్సులతో ఫొటో తీసే కెమెరా’ అన్న వాక్యం ఉంది. దాన్ని ‘పై లెన్సుతో చూసి, కింది లెన్సుతో ఫొటో తీసే కెమెరా’ అని చదువుకోండి.

ఫిల్ము మీద పడే వెలుగు కింది లెన్సుదే. పై లెన్సులోంచి వచ్చిన వెలుగు లోపలి అద్దానికి తగిలి, కెమెరా నెత్తిన ఉన్న గరుకు గాజు మీద బొమ్మగా కనిపిస్తుంది. బొమ్మ నిటారుగానే ఉంటుంది కానీ కుడి ఎడమలు తారుమారు. ఆ అద్దం కదలదు. అందుకే క్లిక్‌మన్న క్షణంలో కూడా ఎదుటి మనిషి ముఖం కనిపిస్తూనే ఉంటుంది, చప్పుడూ చాలా తక్కువ. పోర్ట్రెయిట్‌లకు ఇంతకంటే మర్యాదైన కెమెరా లేదని నా నమ్మకం. మరీ దగ్గరి వస్తువులకు మాత్రం రెండు లెన్సులకు కనిపించేది కాస్త తేడాగా ఉంటుంది, ఫ్రేమ్ జాగ్రత్తగా పెట్టుకోవాలి.

నిజంగానే రెండు లెన్సులతో ఫొటో తీసే కెమెరాలు కూడా రోలీఫ్లెక్స్‌ను చేసిన జర్మన్ కంపెనీయే, బ్రౌన్‌ష్వైగ్‌లోని ఫ్రాంకె అండ్ హైడెకె, తయారుచేసింది. హైడోస్కోప్, రోలీడోస్కోప్ అనే ఆ స్టీరియో కెమెరాలకు (ఒకేసారి రెండు ఫొటోలు తీసి, బొమ్మలో లోతు కనిపించేలా చేసేవి) మూడు లెన్సులు: అటూ ఇటూ ఉన్నవి తీయడానికి, నడిమిది చూడటానికి. రోలీఫ్లెక్స్ వాటి తర్వాత, 1929లో వచ్చింది.

పోస్టులో మిగతాదంతా అలాగే ఉంది.