జర్మనీలో ఇల్లు కావాలంటే ముందు ఇల్లుండాలి

"రూమ్ సంగతి అక్కడికెళ్లాక చూసుకోవచ్చు." జర్మనీకి ఎంఎస్ చదవడానికి వెళ్లే పిల్లలకు హైదరాబాద్‌లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. మ్యూనిక్‌లో దిగిన మా అక్క కొడుక్కి ఆ 'చూసుకోవడం' ఏడాది దాకా సాగింది.

లెక్క ఇక్కడే తప్పుతుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బేసి, నెలకింత చొప్పున మాత్రమే తీసుకునే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చూపించాలి. ఇది 2024 నాటి అంకె. ఆ డబ్బుతో బతికేయొచ్చని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. ఈ 992 అక్కడి విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే 'బాఫోగ్' సాయం గరిష్ఠ మొత్తం. అందులో అద్దె కింద లెక్కగట్టింది 380 యూరోలే. ఆ డబ్బుకు మ్యూనిక్‌లో స్టూడెంట్ హాస్టల్ తప్ప బయట గది దొరకడం కలే.

ప్రకటనలో కనిపించే అద్దె కూడా అసలు అద్దె కాదు. 'కాల్ట్‌మీటె' అంటే ఉత్త గోడలకు కట్టే అద్దె. హీటింగ్, నీళ్లు, చెత్త అన్నీ కలిపితే 'వార్మ్‌మీటె'. 'ఉత్త గోడలు' అని ఊరికే అనలేదు. చాలా ఫ్లాట్లలో వంటగది అన్నచోట గోడలోంచి రెండు పైపులు బయటికి వచ్చి ఉంటాయి, అంతే. సింకుతో సహా పాత అద్దెదారు విప్పుకుని పోయుంటాడు. అడ్వాన్స్ విషయంలో మాత్రం అక్కడి చట్టం నయం. మూడు నెలల కాల్ట్‌మీటెకు మించి అడగకూడదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టొచ్చు. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

డబ్బు కన్నా పెద్ద తలనొప్పి కాగితాలు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటాయన సంతకం చేసిన పత్రం కావాలి. ట్యాక్స్ నంబర్ ఆ అడ్రస్‌కే పోస్టులో వస్తుంది. పార్ట్‌టైమ్ జీతం సరిగ్గా పడాలన్నా, రెసిడెన్స్ పర్మిట్ కావాలన్నా ఆ నమోదే ఆధారం. ఇంటాయనేమో 'షూఫా' క్రెడిట్ రిపోర్టు, మూడు నెలల జీతం స్లిప్పులు అడుగుతాడు. నిన్న విమానం దిగిన పిల్లాడు అవి ఎక్కడి నుంచి తెస్తాడు?

మోసగాళ్లకు కావాల్సింది ఈ చిక్కుముడే. "నేను లండన్‌లో ఉన్నాను, అడ్వాన్స్ పంపితే తాళంచెవి కొరియర్ చేస్తా" అనే మెయిల్ వచ్చిందంటే అది మోసమని తెలుసుకోవాలి. 'అడ్రస్ రిజిస్ట్రేషన్ కుదరదు' అని చెప్పి హాల్లో పరుపుకు అద్దె గుంజేవాళ్లలో, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, మనవాళ్లూ ఉన్నారు.

తప్పంతా పిల్లలదే అంటే నేనొప్పుకోను. మ్యూనిక్‌లోని 'స్టుడెంటెన్‌స్టాట్' విద్యార్థి నివాసాల్లో 2021 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం జరిగాక, మరమ్మతుల పేరుతో వెయ్యికి పైగా గదులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. అడ్మిషన్లు మాత్రం ఆగలేదు. అందుకే యూనివర్సిటీ ర్యాంకు చూసే కళ్లతోనే ఊరి అద్దె కూడా చూడమంటాను. కెమ్నిట్స్, మాగ్డెబుర్గ్ లాంటి తూర్పు ఊళ్లలో అద్దెలు చాలా తక్కువ. ఎక్కడికెళ్లినా, అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే విద్యార్థుల హాస్టళ్లు నడిపే సంస్థ 'స్టుడీరెండెన్‌వెర్క్' హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాలి.

మావాడూ పెట్టాడు, కాకపోతే అక్కడికెళ్లాక. గది ఖాళీ అయిందని పదకొండో నెలలో మెయిల్ వచ్చింది. అప్పటికి వాడు నాలుగో ఇల్లు మారి, పరుపు మోసుకుంటూ మెట్రోలో ఉన్నాడు.