నివేదిక గారికి, టవర్ పక్కింటి నుంచి

మహారాజశ్రీ టెలికాం కంపెనీ వారి సుస్థిరాభివృద్ధి నివేదిక గారి సముఖమునకు,

టవర్ పక్కింటివాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, కాస్త దగ్గు తప్ప. పర్యావరణాన్ని కంపెనీ ఎంత బాగా చూసుకుంటోందో చెప్పే తమరక్కడ పచ్చగా ఉన్నారని చూశాను. అట్ట పచ్చ, లోపలి పేజీలు పచ్చ, ఆఖరికి పొగ లెక్కల గ్రాఫు కూడా పచ్చే. దోసిట్లో మట్టి, మట్టిలో రెండాకుల మొక్క. ఆ ఫొటో లేని నివేదిక ఇంతవరకూ నా కంటపడలేదు.

మా ఊరి సంగతి చెప్తాను. కరెంటు పోగానే టవర్ కింద జనరేటర్ లేస్తుంది. దానికీ మా వంటింటి కిటికీకీ మధ్య ఉన్నది ఒక్క ప్రహరీ గోడ. సాయంత్రం ఒక కుర్రాడు మోపెడ్ మీద రెండు డీజిల్ క్యాన్లు పెట్టుకుని వస్తాడు. గరాటు మర్చిపోయిన రోజున ఖాళీ వాటర్ బాటిల్‌ని బ్లేడుతో అడ్డంగా కోసి, బోర్లించి, దాన్నే గరాటు చేస్తాడు. (తమ 'వ్యర్థాల పునర్వినియోగం' అధ్యాయానికి ఫొటో కావాలంటే పంపగలను.) సగం ట్యాంకులోకి, సగం నేల మీదికి. ఆ పూట మా చారులో ఇంగువ వేసిందీ లేనిదీ మా ఆవిడ చెప్తేనే తెలుస్తుంది.

2012లోనే టెలికాం శాఖ చెప్పింది, పల్లె టవర్లలో సగాన్ని 2015 కల్లా సోలార్ లాంటి వాటిని కలుపుకుని నడపమని, 2020 కల్లా ముప్పాతిక భాగం చేయమని. మా టవర్ ఎప్పుడూ ఆ మిగతా భాగంలోనే ఉంటూ వస్తోంది. జాతకం.

ఆఫీసుకెళ్లి అడిగితే, "టవర్ మాది కాదండీ, వేరే కంపెనీది. మేం అద్దెకున్నాం" అన్నారు. సిగ్నల్ మాత్రం సొంతం, పొగ దగ్గరికొచ్చేసరికి అద్దిల్లు! షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ వారు 2022-23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలకు ఈ నివేదికలు తప్పనిసరి చేశారు కదా అనుకున్నాను. తీరా చూస్తే సొంతంగా వదిలిన పొగకీ, కొన్న కరెంటు తాలూకు పొగకీ లెక్క చెప్పాలట. ఇతరుల చేత వదిలించిన పొగ 'స్కోప్ 3' ఖానా. అది ఇష్టముంటే నింపొచ్చు. మా చారు వాసన ఆ ఖానాలో హాయిగా నిద్రపోతోంది.

మొన్న మా అబ్బాయికి కొత్త సిమ్ తెచ్చాను. ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ ముక్క, అందులోంచి విరిచి తీస్తే గోరంత సిమ్. మిగతాదంతా చెత్తబుట్టకి. అది వేస్తుండగానే మెసేజ్: 'పేపర్ బిల్లు మానండి, చెట్లను కాపాడండి'. ప్రీపెయిడ్ వాడికి బిల్లెక్కడిది బాబూ?

ఇంకో చిన్న అనుమానం. 2013 కంపెనీల చట్టం ప్రకారం మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజసేవకి తీయాలి. నెలని 28 రోజులకి కత్తిరించి, ఏడాదికి నా చేత 13 రీచార్జులు చేయిస్తున్నారు. ఆ పదమూడోది కూడా లాభంలోనే కలుస్తుంది కాబట్టి, తమరు స్కూలుకిచ్చిన కుర్చీల్లో ఒకదాని కాలు నాదే అయ్యుండాలి. దాని మీద కూడా లోగో వేశారా?

రాయాల్సింది ఇంకా ఉంది గానీ ఇప్పుడే కరెంటు పోయింది. కిటికీ వేసి రావాలి.

ఇట్లు,
తమ 28 రోజుల చందాదారుడు