యాక్సిడెంట్ బాధితుడి డబ్బులో వాటాలేమిటి?

ఒడిశాలోని బరంపురం మనిషికి సరిహద్దు అవతల ఇచ్ఛాపురం దగ్గర యాక్సిడెంట్ అయితే పరిహారం కేసు ఎక్కడ వేయాలి? ‘జరిగింది ఆంధ్రలో కాబట్టి అక్కడి కోర్టు చుట్టూనే తిరగాలి’ అని చెప్పేవాళ్లు ఆసుపత్రి గేటు దగ్గరే దొరుకుతారు. వెంటనే వాళ్ల నోట వచ్చే రెండో మాట: ‘మీకెందుకు టెన్షన్, అంతా మేం చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి.’ మొదటి మాట అబద్ధం. రెండోది ఆ అబద్ధాన్ని పెట్టుబడిగా పెట్టి చేసే వ్యాపారం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలు ఈ వ్యాపారానికి ఇంకా ఎంతకాలం కప్పం కట్టాలి?

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న నిబంధన లేదు. బాధితుడు నివసించే ఊరు ఏ ట్రైబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు) పరిధిలోకి వస్తే అక్కడే వేసుకోవచ్చు. సాలూరు ఘాట్‌లో లారీ గుద్దినా కొరాపుట్ జిల్లావాసి జయపురంలో వేయవచ్చు. టెక్కలి దగ్గర బస్సు బోల్తా పడినా పర్లాకిమిడి మనిషి పర్లాకిమిడిలోనే వేయవచ్చు. వాహనం బీమా చేసిన కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే నోటీసు అందుకుని ఇక్కడికి రావాల్సింది ఆ కంపెనీయే.

చట్టం ఇంత సులువుగా సరిహద్దు దాటుతుంది. దాటలేనివి కాగితాలు. సరిహద్దులోని గిరిసోల ఇవతల ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ ఒడియాలో ఉంటుంది, అవతల జరిగితే తెలుగులో. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా బడిలో చదివిన కుర్రాడు తెలుగు ఎఫ్‌ఐఆర్ చదవలేడు. వాళ్ల నాన్న ఒడియాది చదవలేడు. క్షతగాత్రుణ్ణి ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి, అంటే బరంపురం ఎంకేసీజీకో విశాఖ కేజీహెచ్‌కో తీసుకెళతారు. అంటే పోలీసు రికార్డు ఒక రాష్ట్రంలో, వైద్య రికార్డు ఇంకో రాష్ట్రంలో. పైగా పేర్ల గొడవ ఒకటి. మన ఇంటిపేరు డిశ్చార్జి కాగితంలో పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది. ఒడియా ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం రైటర్ చెవికి ఎలా వినిపిస్తే అలా పడుతుంది. ఏడాది తర్వాత బీమా కంపెనీ లాయరు లేచి ‘ఈ ముగ్గురూ ఒకరేనని రుజువేమిటి?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న అతని వృత్తి ధర్మం, తప్పుపట్టలేం. ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితులకు ఉచితంగా ఇవ్వాల్సిందే కాబట్టి, దాన్ని తీసుకున్న రోజే తెలిసినవాళ్ల చేత చదివించుకుని పేరు, వయసు, వాహనం నంబరు సరిచూసుకుంటే ఈ చిక్కు చాలావరకు రాదు.

తొందరపడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. 2019 సవరణ తెచ్చిన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపే క్లెయిమ్ దాఖలు చేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. కాలు విరిగి మంచం మీదున్న మనిషికి ఆరు నెలలు ఎంతసేపు? ఈ గడువు చెల్లదంటూ వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి. అవి తేలేదాకా ఆలస్యం పేరుతో క్లెయిములు కొట్టేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఆదేశం కూడా ఇచ్చింది. అయినా మధ్యంతర ఆదేశాన్ని నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు.

పరిహారం ఎలా లెక్కిస్తారో తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. నెలకు 15,000 సంపాదించే 32 ఏళ్ల వడ్రంగిని తీసుకోండి. సుప్రీంకోర్టు 2009లో ఖరారు చేసిన పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం 16. ఏడాది ఆదాయాన్ని 16తో హెచ్చిస్తే 28,80,000. అతని చేతికి 20 శాతం వైకల్యం అని డాక్టరు రాశాడనుకుందాం. నేరుగా ఆ శాతమే తీసుకుంటే ఆదాయ నష్టం కింద వచ్చేది 5,76,000. కానీ ఆ చేతితో ఉలి పట్టలేని వడ్రంగి సంపాదన సగానికి పడిపోయిందని రుజువు చేయగలిగితే అదే లెక్క 14,40,000 అవుతుంది. శరీరానికి ఎంత శాతం దెబ్బ తగిలింది అన్నదానికంటే ఆ దెబ్బ వల్ల సంపాదన ఎంత పోయిందన్నదే చూడాలని 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ముందుముందు పెరగాల్సిన ఆదాయం, వైద్యం ఖర్చు, పడ్డ నొప్పికి ఇచ్చే మొత్తం దీనికి అదనం. ఈ తేడా రాబట్టాలంటే చికిత్స చేసిన డాక్టరు సాక్ష్యం కావాలి, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం కావాలి. మంచి లాయరు అవసరం ఇక్కడే. మరి మన కుటుంబాలు లాయరును ఎంచుకునేది ఈ పని ఎవరు బాగా చేస్తారని అడిగి కాదు, ముందుగా డబ్బు అడగనివాళ్లు ఎవరని చూసి.

ముందు డబ్బు అడగనివాళ్లు వెనక పర్సెంటేజీ అడుగుతారు. పై లెక్కలో పావలా వంతు అంటే 3,60,000. ఆ వడ్రంగి రెండేళ్ల పాటు రూపాయి ఖర్చు పెట్టకుండా దాచినా అంతే అవుతుంది. వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలకు విరుద్ధం. ఆసుపత్రికి మనుషుల్ని పంపి కేసులు పట్టుకోవడమూ నిషిద్ధమే. ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక తెలంగాణ మహిళ నుంచి పరిహారం మొత్తంలో శాతం లెక్కన ఫీజు కోరుతూ న్యాయవాది చెక్కు రాయించుకున్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి ఒప్పందం చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆ తీర్పు వచ్చాక కూడా మన కోర్టు ఆవరణల్లో ‘ఎంత పర్సెంటు?’ అన్న మాట మామూలుగానే వినపడుతోంది.

న్యాయవాదుల వైపు నుంచి వచ్చే జవాబునూ వినాలి. చేతిలో పైసా లేని కక్షిదారుడి కోసం జిరాక్సుల ఖర్చు నుంచి సాక్షుల దారిఖర్చు దాకా తామే పెట్టుకుంటున్నామని, కేసు పోతే అదంతా తమ నెత్తినే పడుతుందని వాళ్లంటారు. నిజమే, అలా చేసే నిజాయతీపరులు ఉన్నారు. అయితే ఫీజు ఇంత అని ముందే కాగితం మీద రాసి, కొంత మొత్తం పరిహారం వచ్చాక ఇవ్వమనడానికి ఏ నిబంధనా అడ్డురాదు. ఖాళీ వకాలత్‌నామా (లాయరుకు కేసు అప్పగించే పత్రం) మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు తీసుకునే అలవాటును మాత్రం ఏ వాదనా సమర్థించలేదు. బార్ అసోసియేషన్లు ఈ విషయంలో మౌనం వీడాలి.

అసలు ఫీజే లేని దారి ఒకటుంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. గంజాం నుంచి మల్కన్‌గిరి వరకు ప్రమాద బాధితుల్లో ఎంతమంది ఈ కోవలోకి రారు? 15100 నంబరుకు ఫోన్ చేస్తే సాయం అందుతుంది. ఆ నంబరు ఆసుపత్రి గోడ మీద తెలుగులో ఉండాలన్న ఆలోచన ఇంతవరకు ఎవరికీ రాలేదా?

గుద్ది పారిపోయిన వాహనం ఏదో తెలియకపోయినా దారి మూసుకుపోదు. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం ఉంది. దరఖాస్తు సబ్‌కలెక్టరు లేదా తహసీల్దారు స్థాయి అధికారికి ఇస్తే చాలు, కోర్టు అక్కర్లేదు. పెళ్లిళ్లకు, జాతరలకు గూడ్స్ వ్యానుల్లో జనాన్ని ఎక్కించే మన అలవాటు గురించి కూడా చెప్పుకోవాలి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత ఉండదు. బండి యజమాని నుంచే రాబట్టుకోవాలి. ఆయన దగ్గర ఏముంటుంది?

ప్రమాదం జరిగిన 48 గంటల్లో ట్రైబ్యునల్‌కు మొదటి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పంపాలని 2022 నిబంధనలు పోలీసులకు చెబుతున్నాయి. బాధితుల హక్కులు వివరించే కాగితాన్ని కూడా వాళ్లే ఇవ్వాలి. సరిహద్దు ఠాణాలు దాన్ని ఒడియాతో పాటు తెలుగులోనూ అచ్చువేసి ఇవ్వాలి. ఎంకేసీజీలోను, పర్లాకిమిడి, రాయగడ జిల్లా ఆసుపత్రుల్లోను రెండు భాషలూ వచ్చిన పారా లీగల్ వలంటీర్లను జిల్లా న్యాయ సేవల సంస్థలు నియమించాలి. వైద్య రికార్డుల కోసం బాధితులు రాష్ట్రం దాటి తిరగకుండా శ్రీకాకుళం, విశాఖ సంస్థలతో మాట్లాడుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీ సంతకం పెడితే తర్వాత అప్పీలు ఉండదన్న సంగతి కక్షిదారుడికి అతని భాషలో చెప్పకుండా ఏ ఫైలూ ముగించకూడదు. వచ్చే జాతీయ లోక్ అదాలత్‌కు ముందే కనీసం ఈ చివరి పనికి బరంపురం, పర్లాకిమిడి కోర్టుల్లో తెలుగు వచ్చిన ఒక్కో మనిషిని కూర్చోబెట్టమని జిల్లా జడ్జీలను కోరుతున్నాం.