‘స్త్రీ’లో ఎన్ని అక్షరాలు?

‘స్త్రీ’ అన్న మాటలో ఎన్ని అక్షరాలని ఆరో తరగతి పిల్లాడిని అడిగినా ఒకటే అంటాడు. ఛందస్సు చదువుకున్నవారైతే ఒక గురువు అని తేల్చేస్తారు. కంప్యూటర్ల లెక్క మాత్రం వేరుగా ఉండేది. ప్రపంచ లిపులన్నిటినీ కంప్యూటర్లకు ఎక్కించే ప్రమాణం యూనికోడ్. 2023 సెప్టెంబరు దాకా దాని సాధారణ నిబంధన ప్రకారం అందులో స్, త్, రీ అని మూడు ముక్కలు. ఆ నిబంధనను అక్షరాలా పాటించే ఈ-బుక్ యాప్‌ను అధ్యాయం మొదటి అక్షరం పెద్దదిగా వేయమంటే, ‘స్’ ఒక్కటే పెరిగి ‘త్రీ’ పక్కన చిన్నగా మిగిలిపోతుంది. ముక్కలు మూడే సుమా అని ఇంగ్లిష్‌లో వెక్కిరిస్తున్నట్టు!

ఆ సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ లెక్కను సరిచేసింది. ఒత్తుగా చేరే హల్లును దాని పైఅక్షరం నుంచి విడదీయరాదన్న నియమం దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులతోపాటు తెలుగుకూ వచ్చింది. (మనకు తోబుట్టువు లాంటి కన్నడ లిపి ఆనాటి జాబితాలో లేదు.) తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. అంటే, మన బడిపిల్లలకు తెలిసిన సంగతి అక్కడి పుస్తకంలోకి ఎక్కడానికి 32 ఏళ్లు. ఇందులో కుట్ర ఏమీ లేదు. నియమం రాసేటప్పుడు బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటే వారి భాష ముందు సర్దుకుంటుంది, రానివారిది తర్వాత ఎప్పుడో.

ఈ-పుస్తకాల నియమాలు రాసేదీ అలాంటి బల్లే. అది ఎలాంటిదో తెలుగు ప్రచురణకర్తలు ఒకసారి చూడటం మంచిది. ఈ-పుస్తకాన్ని విప్పితే లోపల ఉండేది ఒక జిప్ కట్ట. వెబ్ పేజీల్లాంటి అధ్యాయాలు, బొమ్మలు, ఏది ముందో ఏది వెనకో చెప్పే పట్టిక. ఆ కట్టను ఎలా కట్టాలో, యాప్ దాన్ని ఎలా విప్పాలో చెప్పే ప్రమాణమే ఈపబ్. 1999లో ఓపెన్ ఈబుక్ పేరుతో మొదలై, 2007లో ఈపబ్ అయింది. దాన్ని నడిపిన ఇంటర్నేషనల్ డిజిటల్ పబ్లిషింగ్ ఫోరం 2017లో వెబ్ ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియంలో విలీనమైంది. అక్కడ 2020లో ఏర్పడిన బృందం చేతుల మీదుగా ఈపబ్ 3.3కు 2023 మే 25న తుది ఆమోదం దక్కింది.

దాదాపు మూడేళ్లు వాళ్లు చేసిందేమిటి? కొత్త హంగులు బహు తక్కువ. వెబ్‌పీ బొమ్మలు, ఓపస్ ఆడియో వంటివి చేరాయి. ఎక్కువ శ్రమ పాత వాక్యాలకు అర్థం తేల్చడానికీ, ఒక్కో నియమాన్నీ పరీక్షించడానికీ పోయింది. ‘తప్పక చేయాలి’, ‘చేయడం మంచిది’, ‘చేయవచ్చు’ అన్న మూడు మాటలకూ ప్రమాణాల భాషలో వేర్వేరు బరువులు. ‘తప్పక’ అని పడిందా, దాన్ని పాటించని యాప్ దారి తప్పినట్టే. అందుకే ఒక్క క్రియ దగ్గర చర్చ ఎంతకీ తెమలదు. ఓటింగు చివరి మెట్టు. వీలైనంతవరకు అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడమే పద్ధతి. ఒప్పుకున్నాక కూడా, ప్రతి అంశం కనీసం రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో నడిచి చూపించాలి. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా రెండు చోట్ల పనిచేయకపోతే ముందుకు కదలదు. మన సర్కారీ పథకాలకూ ఈ షరతు పెడితే ఎంత బాగుండు!

అక్కడ అందరూ సమానమని చెప్పబోవడం లేదు. సభ్యత్వానికి డబ్బు కట్టాలి, పూర్తికాలం మనుషులను పంపగల కంపెనీల మాట ఎక్కువ చెల్లుతుంది. అయినా, ‘ఈ నియమం మా లిపిలో ఇలా విరుగుతోంది’ అని ఒక బొమ్మ జతచేసి రాసి పెట్టడానికి సభ్యత్వం అక్కరలేదు. రాసినదానికి బృందం జవాబు చెప్పి తీరాలి. ఇతర భాషల్లో నిలుస్తుందా, చూపులేనివారికి అందుతుందా అని విడిగా తనిఖీ చేసే బృందాలూ ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది, తట్టేవారే కావాలి.

జపాన్ వాళ్లు తట్టారు. ఈపబ్ 2లో నిలువు వరుసల రాతకు చోటు లేదు. అది లేనిదే జపనీస్ నవల నవలలా కనపడదు. వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పేజీ అమరికకు వాళ్లకు ముందే ఒక జాతీయ ప్రమాణం ఉంది. దాని ఆధారంగా జపనీస్ పేజీకి ఏమేం కావాలో వివరించే పెద్ద పత్రాన్ని తయారుచేసి, 2009లో వెబ్ కన్సార్టియం ద్వారా ఇంగ్లిష్‌లో ప్రచురించారు. చర్చలు చాలావరకు జపనీస్‌లోనే సాగాయి, రెండు భాషలూ వచ్చినవారు వారధి కట్టారు. ఆ తర్వాత మురాటా మకోతో సారథ్యంలో ఒక ఉపబృందం కూర్చుని నిలువు రాత, కుడి నుంచి ఎడమకు తిరిగే పేజీలు వంటి అవసరాలను ప్రమాణం ముందుకు తెచ్చింది. 2011లో వచ్చిన ఈపబ్ 3లో అవి ఉన్నాయి. ఇంగ్లిష్ రాని కంపోజిటర్ అనుభవం కూడా ప్రపంచ ప్రమాణంలోకి ఎక్కగలదని అప్పుడు తేలింది.

మన సంగతి చూద్దాం. అమెజాన్ ఈ-పుస్తకాల సేవ కిండిల్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు తలుపు తీసింది. 2011 జనగణన ప్రకారం 8.11 కోట్ల మంది మాతృభాషగా చెప్పుకున్న తెలుగు ఆ వరుసలో లేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూసి కుప్పకూలినప్పుడు లోకమంతా నవ్వుకుంది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలోని మొదటి అక్షరమే! మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరితే దాన్ని గీయడం ఆ ఫోను వల్ల కాలేదు. కొద్ది రోజుల్లోనే మరమ్మతు వచ్చింది. పరీక్షకు పెట్టే మాటల్లో ఇలాంటి సంయుక్తాక్షరాలు నాలుగు ఉండి ఉంటే ఆ అవస్థ తప్పేదేమో.

అడిగితే జరుగుతుందనడానికి మన దగ్గరా సాక్ష్యం ఉంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే మూస వేసిన ఇస్కీ అనే పాత కంప్యూటర్ అక్షరాల పట్టిక నుంచి యూనికోడ్ తెలుగును తీసుకుంది. ఆ మూసలో పట్టని ౘ, ౙలు 2008లో చేరాయి. పాత ముద్రణలో కనిపించే నకారపొల్లు 2021లో చేరింది. పాత పుటలను ఆధారంగా చూపి, ప్రతిపాదన రాసి, ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పిన కొద్దిమంది పని అది. వారిలో ఎక్కువమందిని ఏ సంస్థా పంపలేదని మా అంచనా.

ప్రచురణ రంగం నుంచి ఏం వెళ్లింది? మా పత్రిక సంగతే చెబుతాం. మా పాత సంచికల ఫైళ్లు ఈరోజు తెరిస్తే తెలుగు కనపడదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త కనపడుతుంది. యూనికోడ్ కాని ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన ఏళ్లనాటి పని అది. ఈ-పేపర్ పేరుతో ఇస్తున్నదీ పేజీ బొమ్మే. ఫోనులో పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి, చూపులేని పాఠకుడికి తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క మాటా దొరకదు. వారికి పుస్తకాలు అందాలన్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం మనది! ఇన్నేళ్లలో మా పత్రిక ఏ ప్రమాణాల బృందానికీ ఒక్క ఫిర్యాదు రాయలేదు.

తెలుగు పేజీ ఎలా ఉండాలో తెలియక కాదు. వరుస చివర మాటను ఎక్కడ విరవాలి, పొల్లుతో ఉన్న హల్లును కింది వరుస మొదట్లోకి నెట్టవచ్చా, కింది ఒత్తూ తర్వాతి వరుస గుడీ తగలకుండా వరుసల మధ్య ఎంత ఖాళీ ఉండాలి... ఇవన్నీ మా పేజినేషన్ గదిలో పాతవారికి కరతలామలకం. కొత్తవారికి నోటితోనే చెబుతారు. రాసిపెట్టిన కాగితం లేదు. భారతీయ లిపుల అమరికపై వెబ్ కన్సార్టియంలో ఇప్పటికే ఒక ముసాయిదా పత్రం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం, అకాడమీ, పత్రికలు, ప్రచురణకర్తల సంఘాలు తలా ఇద్దరిని ఇచ్చినా ఆ అమరిక నియమాలను ముందు తెలుగులో రాయవచ్చు, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చి పంపవచ్చు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఇక ఇంజినీర్ల కొరత మనకు ఎప్పుడూ లేదు. ఆ బల్ల చుట్టూ ఉండే కంపెనీల్లో తెలుగువారు కొల్లలు. కాకపోతే వారు కూర్చునేది జీతమిచ్చేవారి తరఫున.

ఇతరులకు చెప్పేముందు మా వంతు మేము మొదలుపెట్టాం. మా డెస్కు నియమాలను ఈ నెల నుంచి రాతలో పెడుతున్నాం. ‘స్త్రీ’ని విడదీయరాదన్నది మొదటి వాక్యం, దానికి అందరూ ఒప్పుకున్నారు. వరుస చివర విరిగిన మాటకు అడ్డగీత పెట్టాలా వద్దా అన్న రెండో వాక్యం దగ్గర మా పేజినేటర్లు ఇద్దరూ రెండు వారాలుగా వాదించుకుంటున్నారు.