ఆకాశంలో సాక్షులుండరు

సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర ఎవరిని కదిలించినా చైనా సైనికులతో గల్వాన్ లోయలో జరిగిన పోరు సంగతి చెబుతారు. 2020 జూన్ 15 రాత్రి ఆయన పక్కన సైనికులున్నారు. వాళ్లు చూశారు, తిరిగివచ్చి చెప్పారు. మరుసటి ఏడాది జనవరిలోనే మహావీర చక్ర ప్రకటన వెలువడింది.

అదే పతకం స్క్వాడ్రన్ లీడర్ దేవయ్యకు దక్కడానికి 23 ఏళ్లు పట్టింది. కొడగు మనిషి. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరంపై దాడికి వెళ్లిన మిస్టేర్ విమానాల్లో ఆయనది అదనపు విమానం, ఎవరిదైనా మొరాయిస్తే ఆ చోటు భర్తీ చేయడానికి. తిరిగి రాలేదు. మన రికార్డుల్లో ఆయన గల్లంతైనవారే. తనకంటే ఎంతో వేగమైన పాకిస్తాన్ యుద్ధ విమానం స్టార్‌ఫైటర్‌తో తలపడి దాన్ని కూల్చాడన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. 1979లో ఒక బ్రిటిష్ రచయిత అవతలి పక్షం కథనాన్ని అచ్చువేశాకే ముడి వీడింది. పతకం 1988లో వచ్చింది. మనవాడి శౌర్యానికి సాక్ష్యం శత్రువు ఇంటి నుంచి రావాల్సివచ్చింది!

పతకం ధైర్యాన్ని కొలుస్తుందనుకుంటాం. కానీ పతకానికి ముందు నివేదిక ఉండాలి, నివేదికకు చూసిన కన్ను ఉండాలి. ఒంటి సీటు విమానంలో ఆ కన్ను ఎక్కడిది? వాయుసేనకు దక్కిన ఏకైక పరమవీర చక్ర నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్‌ది. 1971 డిసెంబర్ 14న ఆయన పోరాడింది శ్రీనగర్‌లోని మన స్థావరం పైన, ఆకాశంలోనే. ఆఖరి మాటలు రేడియోలో వినిపించాయి. ఆయన శౌర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అదే పోరు శత్రుభూమి మీద, పొగమంచు వెనుక జరిగి ఉంటే మనకేం తెలిసేది?

అధికారి కాని ఎయిర్‌మన్ సంగతి ఇంకా అన్యాయం. 2017లో బందిపొరాలో ప్రాణాలర్పించిన కార్పొరల్ జ్యోతి ప్రకాశ్ నిరాలాకు అశోక చక్ర వచ్చింది. ఆయన పోరాడింది నేల మీద, తోటివారి మధ్య. హ్యాంగర్‌లో రాత్రంతా ఇంజన్ విప్పి బిగించినవాడి పేరు ఏ ప్రశంసాపత్రంలోకి ఎక్కుతుంది?

వింత ఏమిటంటే, మన ప్రాంతానికి యుద్ధ విమానాలతో చుట్టరికం నూరేళ్లకు పైబడినదే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు నిజాం కానుకగా ఇచ్చాడు. 1940లో లండన్ ప్రభుత్వం తరఫున స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు మోసింది. దాని చిహ్నం నిజాం తలపాగా. ఆ సొమ్ములో పాలమూరు, నల్లగొండ రైతుల శిస్తు ఎంతో కొంత ఉండకపోదు. శిస్తు కట్టినవాడికి ఏ చిహ్నమూ లేదు, అది వేరే కథ.

1971లో ఇరవై ఏళ్ల ఎయిర్‌మన్ ఇప్పుడు డెబ్బై దాటిన పెద్దమనిషి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల దగ్గర పింఛనుదారుల చిరునామాలు ఉంటాయి. ఒక ఫోను, ఒక రికార్డరు పట్టుకుని కళాశాల విద్యార్థులు మిర్యాలగూడకో నాగర్‌కర్నూలుకో వెళితే సరిపోతుంది. పతకాల గురించి అడగనక్కరలేదు. విమానం ఎగిరే ముందు అది సిద్ధమని కాగితం మీద సంతకం చేసేది ఇలాంటివారే. ఆ సంతకం చేసి పంపిన విమానాల్లో ఏది తిరిగి రాలేదో, ఆ సాయంత్రం రన్‌వే పక్కన ఎంతసేపు నిలబడ్డారో అడగాలి.