ఆల్ట్‌మన్ మాట ఎవరూ ఎందుకు వినలేదు?

ఎదిగిన మెదడులోనూ కొత్త నాడీకణాలు పుడతాయని నాడీశాస్త్రవేత్త జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే చెప్పాడు. శాస్త్రలోకం చాలాకాలం పట్టించుకోలేదు. అది తప్పా, జాగ్రత్తా అన్నదే ఇక్కడ తగువు. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకవైపు. ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు మూలకణాల మీద, అంటే వేరే కణాల్ని పుట్టించే కణాల మీద, పనిచేస్తున్న శారద రెండోవైపు.

మాస్టారు: ఆల్ట్‌మన్‌ను తొక్కేశారని ఎప్పుడూ అంటావు శారదా. ఎవరో కొత్త సంగతి చెప్పగానే నమ్మెయ్యాలా? రుజువు చూపాల్సింది చెప్పినవాడే కదమ్మా.

శారద: చూపించాడు మాస్టారూ. కణం రెండుగా చీలేముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకుంటుంది. దానికి థైమిడిన్ అనే ముడిసరుకు కావాలి. ఆయన ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) చేర్చిన థైమిడిన్‌ను ఎలుకలకు ఎక్కించాడు. తర్వాత మెదడును పలచగా కోసి, ఫొటో ఫిల్ముకు వాడే ఎమల్షన్ పూసి చీకట్లో ఉంచితే కొత్తగా పుట్టిన కణాల మీద నల్లచుక్కలు తేలాయి. 1962లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. 1965లో గోపాల్ దాస్‌తో కలిసి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో చూపించాడు. ఇంకేం కావాలి?

మాస్టారు: చుక్కలున్నవి న్యూరాన్లేనని, అంటే నాడీకణాలేనని, ఏమిటి నమ్మకం? ఆనాటి మైక్రోస్కోపు కింద చిన్న న్యూరాన్‌నీ, న్యూరాన్లకు ఆసరాగా ఉండే గ్లియా కణాన్నీ విడదీసి చెప్పడం కష్టం. ఆ అనుమానంలో న్యాయముంది.

శారద: ఉంది, కాదనను. మరి దాన్ని తీర్చుకోడానికి ఎవరు కూర్చున్నారు? 1977లో మైకేల్ కాప్లాన్ అవే కణాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి న్యూరాన్లేనన్నాడు. ఆయన మాటా చెవికెక్కలేదు. చివరికి పరిశోధన వదిలేసి వైద్యంలోకి వెళ్లిపోయాడు. అనుమానం వస్తే ప్రయోగం మళ్లీ చేసి చూస్తారు. వీళ్లు చెయ్యలేదు, కాదనీ నిరూపించలేదు, ఊరికే పక్కన పెట్టారు. నా కోపం అనుమానం మీద కాదండీ, ఆ పక్కన పెట్టడం మీద. పెద్దవాళ్లు పక్కన పెట్టిన అంశం మీద ఏ కుర్రాడు పీహెచ్‌డీ చేస్తాడు? ఏ గైడు చెయ్యనిస్తాడు? 1968లో ఆల్ట్‌మన్ ఎంఐటీ నుంచి పర్‌డ్యూ యూనివర్సిటీకి వెళ్లి, షర్లీ బేయర్‌తో కలిసి మెదడు ఎదుగుదల మీద దశాబ్దాలు పనిచేశాడు, అట్లాసులు తయారుచేశాడు. ఆయన పని ఆగలేదు. ఆయన వెనక రావలసినవాళ్లు రాలేదు.

మాస్టారు: ఎవరూ చెయ్యలేదంటే ఒప్పుకోను. యేల్ యూనివర్సిటీలో పాస్కో రాకిచ్ రీసస్ కోతుల్లో ఓపిగ్గా వెతికి, 1985లో కొత్త న్యూరాన్లు లేవన్నాడు. ఏళ్లతరబడి జ్ఞాపకాలు దాచుకోవాల్సిన మెదడు నిలకడగా ఉండాలన్నది ఆయన తర్కం.

శారద: ఆ రాకిచ్ ప్రయోగశాలే 1999లో కోతి హిప్పోకాంపస్‌లో కొత్త కణాలున్నాయని రాసింది!

మాస్టారు: రాసింది. అదే ఏడాది ఎలిజబెత్ గూల్డ్ బృందం మెదడు పైపొర అయిన నియోకార్టెక్స్‌లో కూడా పుడుతున్నాయంది. రాకిచ్ ఒప్పుకోలేదు. అణుపరీక్షలతో గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా కణాల వయసు లెక్కగడితే, మనిషి నియోకార్టెక్స్‌లో న్యూరాన్లు దాదాపు ఆ మనిషి వయసువేనని 2006లో తేలింది. ఆ అనుమానమే లేకపోతే తప్పుమాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేది.

శారద: అక్కడ మీ మాటే నెగ్గింది. కానీ అక్కడ రాకిచ్ మళ్లీ చేసి చూశాడు కదండీ, నేననేదీ అదే.

మాస్టారు: ఇంకా విను. 2011లో ఆల్ట్‌మన్‌తో పాటు స్పెయిన్ వారి ఆస్తూరియాస్ అవార్డు అందుకున్న అల్వారెజ్-బుయ్యా ఉన్నాడే, ఆయన బృందమే 2018లో పెద్దవాళ్ల హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు కనపడలేదంది. అదే ఏడాది మరో బృందం ఉన్నాయంది. ఇంత అనిశ్చితిలో ఉన్న మాటను పట్టుకుని ఇక్కడ కొందరు వ్యాపారం చేస్తున్నారు. సెరిబ్రల్ పాల్సీ పిల్లాడి తల్లిని కూర్చోబెట్టి, ‘మెదడులో కణాలు మళ్లీ పుడతాయమ్మా’ అని చెప్పి మూలకణాల సూది వేస్తారు.

శారద: ఆ పాపం ఆల్ట్‌మన్‌కు కట్టకండి మాస్టారూ! ఆయన చూసింది మెదడులో ఉన్నచోటే పుట్టే కణాల్ని. ఎక్కడి కణాలో తెచ్చి ఎక్కించడానికీ దానికీ ఏం పొత్తు? రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మూలకణాలతో చికిత్సను క్లినికల్ ట్రయల్స్‌కు బయట చెయ్యకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తల్లి కష్టం నాకూ తెలుసు. నిలదీయాల్సింది సూది వేసేవాణ్ణి.

మాస్టారు: సరే, ఆ గొడవ వేరే. అవార్డు వచ్చిందిగా, శాస్త్రం తప్పు దిద్దుకుందిగా!

శారద: దిద్దుకునేలోపు పోయిన ఏళ్ల మాటేమిటి? ఎదిగిన ఎలుక మెదడులోంచి నాడీ మూలకణాల్ని రేనల్డ్స్, వైస్ బయటికి తీసి పెంచింది 1992లో. అంటే ముప్పై ఏళ్లు.

మాస్టారు: కణాల్ని పెంచే పద్ధతులు రావద్దూ?

శారద: కణాల్ని పెంచడానికి వాళ్లు వాడిన వృద్ధి కారకం ఈజీఎఫ్ అనే ప్రొటీన్. స్టాన్లీ కోహెన్ దాన్ని వేరుచేసింది 1962లో. ఆల్ట్‌మన్ పేపరు వచ్చిన ఏడాదే.

మాస్టారు: దొరికిందంటే వాడకంలోకి వచ్చినట్టు కాదు. సరే, ముప్పైలో పదేళ్లు నీకు వదిలేస్తాను. మిగతా ఇరవై పనిముట్లవే.

శారద: కాప్లాన్ పరిశోధన మానకుండా ఉండడానికి ఆ పదేళ్లే సరిపోయేవి మాస్టారూ.